జీవ ఇంధనాలు – గ్రామాభివృద్ధి: సరిహద్దు పల్లెల అనుభవాలు

పేడ, కట్టె, ఊక, చెరకు పిప్పి, నూనె గింజలు, ధాన్యం వంటి జీవ పదార్థాల నుండి లభించే శక్తిని జీవ శక్తి అనీ, వాటి నుండి తయారయ్యే వాయు, ద్రవ రూపాలలోని ఇంధనాలను జీవ ఇంధనాలనీ అంటారు. గోబర్ గ్యాస్, కానుగ నూనెతో తయారయ్యే బయోడీజిల్, చెరకు లేక మొక్కజొన్న నుండి తీసే ఎథనాల్ వీటిలో ముఖ్యమైనవి. పొయ్యిలో కట్టె పెట్టి వంట చేయడం కూడా జీవ శక్తి వినియోగమే. 2019-21 సంవత్సరాలలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలోని గ్రామీణ కుటుంబాలలో పొగ లేని ఇంధనంతో వంట చేసుకొనేవి సుమారు 43 శాతం మాత్రమే. తక్కిన ఇళ్ళలో ప్రధాన ఆధారం కట్టెలు, పిడకలు, పంట వ్యర్థాలే.

గడచిన నలభై, యాభై సంవత్సరాలలో జీవ ఇంధనాల పేరిట అనేక పథకాలు పల్లెలకు వచ్చాయి. వాటిలో కొన్ని వేల ఇళ్ళలో పొయ్యి వెలిగించాయి. కొన్ని పత్రాలకే పరిమితమయ్యాయి. మరికొన్ని పల్లె నీటికి, నేలకు కొత్త సమస్యలు తెచ్చాయి. కర్ణాటక, ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దులలో తెలుగువారు నివసించే ప్రాంతాలలోను, వాటి పొరుగు జిల్లాలలోను జరిగిన ప్రయత్నాలను వరుసగా పరిశీలించినచో ఈ తేడాకు గల కారణం బోధపడుతుంది. ముడిసరుకు, దాని ఫలితం, దానిపై నిర్ణయాధికారం మూడూ ఊరిలోనే ఉన్నచోట పథకం మేలు చేసింది. ముడిసరుకు మాత్రమే ఊరిది, ఫలితం వేరొకరిది అయినచోట పథకం నిలువలేదు, లేదా దాని భారం ఊరిపై పడింది.

గోబర్ గ్యాస్ పనిచేసే విధానం

గాలి చొరబడని గుంటలో పేడను, నీటిని సమపాళ్ళలో కలిపి నిలువ ఉంచినప్పుడు సూక్ష్మజీవులు ఆ పదార్థాన్ని కుళ్ళబెట్టి వాయువును విడుదల చేస్తాయి. ఈ వాయువులో 55 నుండి 65 శాతం వరకు మీథేన్, మిగిలిన దానిలో అధిక భాగం కార్బన్ డయాక్సైడ్ ఉంటాయి. మండేది మీథేన్. సూక్ష్మజీవులకు 30 నుండి 35 డిగ్రీల ఉష్ణోగ్రత అనుకూలం. అందువలన వేసవిలో గ్యాస్ ఎక్కువగాను, చలికాలంలో తక్కువగాను వస్తుంది.

మన దేశంలో రెండు నమూనాలు ప్రసిద్ధమైనవి. మొదటిది ఇనుప డోలు పైకి తేలుతూ ఉండే నమూనా. దీనిని జష్‌భాయ్ పటేల్ రూపొందించగా ఖాదీ గ్రామోద్యోగ సంఘం 1960 దశకంలో ప్రచారంలోకి తెచ్చింది. రెండవది ఇటుకలతో గుమ్మటం వలె కట్టే 'దీనబంధు' నమూనా. ఇది 1984లో వచ్చింది. తుప్పు పట్టే ఇనుప డోలు ఇందులో లేదు కనుక ఖర్చు తక్కువ, మన్నిక ఎక్కువ. అయితే గుమ్మటంలో సన్నని పగులు ఉన్నా గ్యాస్ కారిపోతుంది కాబట్టి, కట్టే మేస్త్రీకి ప్రత్యేకమైన నేర్పు అవసరం. 1981-82లో కేంద్ర ప్రభుత్వం జాతీయ బయోగ్యాస్ అభివృద్ధి పథకాన్ని ప్రారంభించిన తరువాత ఈ కట్టడాలు రాయితీతో పల్లెలకు విస్తరించాయి.

ఒక సాధారణ కుటుంబానికి 2 ఘనపు మీటర్ల ప్లాంటు సరిపోతుంది. దీనికి ప్రతి దినం సుమారు 50 కిలోల పేడ, అంతే పరిమాణంలో నీరు కావలెను. అంటే నాలుగైదు పశువులు ఉండవలెను. ఒక ఘనపు మీటరు గ్యాస్ సుమారు మూడున్నర కిలోల కట్టెలకు సమానమని అంచనా. ఆ లెక్కన ఈ ప్లాంటు పూర్తిగా పనిచేస్తే దినానికి 7 కిలోలు, సంవత్సరానికి రెండున్నర టన్నుల కట్టె మిగులుతుంది.

ఇంతకంటె ముఖ్యమైన లాభం మరొకటి ఉన్నది. పేడను పిడకలు చేసి కాల్చినచో నేలకు చేరవలసిన ఎరువు బూడిద అవుతుంది. గోబర్ గ్యాస్‌లో ఆ నష్టం లేదు. గ్యాస్ తీసిన తరువాత బయటకు వచ్చే ముద్దలో నత్రజని, భాస్వరం, పొటాష్ మిగిలే ఉంటాయి. కలుపు విత్తనాలు చాలావరకు నశిస్తాయి. అదే పేడ పొయ్యికీ, పొలానికీ రెండింటికీ పనికివస్తుంది.

బాగేపల్లి: తెలుగు తాలూకాలో ఇంటింటి పొయ్యి

కర్ణాటకలోని బాగేపల్లి తాలూకా వర్షాభావ ప్రాంతం. అక్కడి పల్లెలలో ఇంటి భాష తెలుగు, బడి భాష కన్నడం. వేరుశనగ, రాగి పండే ఈ మెట్ట నేలలలో కట్టెల కోసం స్త్రీలు గుట్టల వెంట తిరగడం తరతరాలుగా ఉన్నది. ఈ తాలూకాలోను, చుట్టుపక్కల తాలూకాలలోను వ్యవసాయ కూలీలను సంఘటితపరచిన బాగేపల్లి కూలీ సంఘం, దానికి తోడుగా పనిచేసే అడాట్స్ అనే స్వచ్ఛంద సంస్థ కలిసి 5,500 కుటుంబాలకు 2 ఘనపు మీటర్ల దీనబంధు ప్లాంట్లు కట్టించే పథకాన్ని చేపట్టాయి. 2005లో ఇది ఐక్యరాజ్యసమితి పర్యవేక్షణలోని 'స్వచ్ఛ అభివృద్ధి యంత్రాంగం' క్రింద నమోదు పొందింది. అప్పటికి ఈ ప్రాంతం కోలారు జిల్లాలో ఉన్నది. 2007లో చిక్కబళ్ళాపురం జిల్లా ఏర్పడింది.

ఈ నమోదు అర్థమేమిటి? కట్టె, కిరోసిన్ కాల్చడం తగ్గినచో గాలిలోకి చేరే కార్బన్ తగ్గుతుంది. తగ్గిన ప్రతి టన్నుకు ఒక ధృవపత్రం లభిస్తుంది. దానిని విదేశీ కొనుగోలుదారులకు అమ్మి, ఆ రాబడిని ప్లాంట్ల నిర్మాణ వ్యయానికి ఉపయోగించవచ్చును. అనగా బాగేపల్లి కూలీ ఇంటిలో ఆరిపోయిన కట్టెపొయ్యికి ప్రపంచ విపణిలో ఒక విలువ ఏర్పడింది. అయితే ఈ విలువ ప్లాంటు కట్టినంత మాత్రాన రాదు. ప్లాంటు నిజంగా నడుస్తున్నదని ఏటేటా తనిఖీలో రుజువు కావలెను. అందువలన గ్యాస్ లీకయినా, పొయ్యి చెడినా బాగుచేయించవలసిన బాధ్యత పథకం నడిపేవారికి తప్పనిసరి అయింది. రాయితీ ఇచ్చి లెక్క రాసుకొని వెళ్ళిపోయే పథకాలలో లోపించినది సరిగ్గా ఇదే.

ఇందులో ఒక హెచ్చరిక కూడా ఉన్నది. 2012 తరువాత అంతర్జాతీయ విపణిలో ఈ ధృవపత్రాల ధర దారుణంగా పడిపోయింది. దూరపు విపణి రాబడిపై మాత్రమే ఆధారపడే పథకానికి ఆ విపణి ఒడిదుడుకులు కూడా తగులుతాయి. ఇంటికి మిగిలే లాభం కట్టె, శ్రమ, ఎరువుల రూపంలోనే స్థిరమైనది.

బరంపురం పరిసరాలు: మేస్త్రీ చేతి విద్య

తరతరాలుగా తెలుగు కుటుంబాలు నివసిస్తున్న ఒడిశాలోని గంజాం జిల్లాలో, బరంపురం సమీపాన గల మొహుదా కేంద్రంగా 1979లో గ్రామ్ వికాస్ సంస్థ ఏర్పడింది. ఈ సంస్థ 1980 దశకం ఆరంభం నుండి 1993 వరకు ఒడిశా అంతటా 54 వేలకు పైగా గోబర్ గ్యాస్ ప్లాంట్లను నిర్మించింది. ఒక స్వచ్ఛంద సంస్థ ఇంత పెద్ద సంఖ్యను సాధించడానికి ప్రధాన కారణం స్థానిక మేస్త్రీలకు శిక్షణ ఇవ్వడం. గుమ్మటం కట్టే విద్య ఊరివాని చేతికి వచ్చినప్పుడు ఆ విద్య అతనికి జీవనోపాధి అవుతుంది. మరమ్మతు కోసం పట్టణం వైపు చూడవలసిన అవసరం ఊరికి ఉండదు.

పురా గ్రామం: ఊరంతటికీ ఒకే ప్లాంటు

ఇంటింటికీ ప్లాంటు పెట్టుకోవాలంటే ప్రతి ఇంటిలో నాలుగైదు పశువులు ఉండవలెను. లేనివారి సంగతి ఏమిటి? ఈ ప్రశ్నకు సమాధానం వెదికిన ఊరు తుమకూరు జిల్లా కుణిగల్ తాలూకాలోని పురా. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో 'అస్త్ర' అనే గ్రామీణ సాంకేతిక విభాగాన్ని నెలకొల్పిన ఆచార్య అమూల్య కుమార్ నారాయణ రెడ్డి, ఆయన సహచరులు ఇక్కడ పనిచేశారు.

మొదట ఊరి పేడనంతా ఒకచోట చేర్చి వంటగ్యాస్ ఇవ్వాలని సంకల్పించారు. ఊరంతటి వంటకు గ్యాస్ చాలలేదు. సగం వంట గ్యాస్‌తో, సగం కట్టెలతో అంటే ప్రజలకు ఆసక్తి కలుగలేదు. ఆ ఊరి మొదటి అవసరం పొయ్యి కాదు, మంచినీరు. ఈ సంగతి గ్రహించిన తరువాత పథకాన్ని మార్చి, 1987 నుండి అదే గ్యాస్‌తో, కొద్దిపాటి డీజిల్ తోడుగా, ఇంజను నడిపి విద్యుత్తు తయారుచేశారు. ఆ విద్యుత్తుతో బోరు నీరు కొళాయిలకు వచ్చింది. ఇళ్ళలో దీపాలు వెలిగాయి.

పేడ తెచ్చిన ఇంటికి మోతకూలిగా కొద్దిపాటి సొమ్ము, తెచ్చిన పేడకు తగినంత ఎరువు తిరిగి ఇచ్చేవారు. ఎవరెంత తెచ్చారో లెక్క ఉండేది. పేడ తగ్గితే ఇంజను ఆగుతుంది, ఇంజను ఆగితే అందరి కొళాయి ఆగుతుంది. ఒకరి అలక్ష్యం ఊరందరికీ ఆ రోజే తెలిసిపోయేది. పశువులు లేని ఇంటికి కూడా నీరు, దీపం అందినవి. ఉమ్మడి ఆస్తి పాడవుతుందనే సామాన్యాభిప్రాయానికి భిన్నంగా, లెక్క స్పష్టంగా ఉంటే ఉమ్మడి పని నిలుస్తుందని ఈ ఊరు చూపించింది. ఊరికి ఏమి కావలెనో ఊరినే అడగవలెనన్నది ఇక్కడి రెండవ పాఠం.

కానుగ: గట్టు మీది చెట్టు

కానుగ తెలుగువారికి కొత్త చెట్టు కాదు. కన్నడంలో హొంగె, తమిళంలో పుంగం, మరాఠీలో కరంజ్ అని పిలిచే చెట్టు ఇదే. దాని ఆకు వరి మడిలో పచ్చిరొట్ట. నూనె పూర్వం దీపాలకు వాడేవారు. చెక్క పొలానికి ఎరువు, కొన్ని పురుగులకు విరుగుడు. గాలిలోని నత్రజనిని నేలకు చేర్చే జాతి కనుక గట్టు మీద పెరిగినా పంటకు పెద్దగా హాని చేయదు. సుమారు 4 కిలోల గింజలను ఆడించినచో ఒక లీటరు నూనె వస్తుంది. మిగిలిన చెక్క చేదుగా ఉండి పశువుల మేతకు పనికిరాదు గాని ఎరువుగా మేలైనది.

మహారాష్ట్రకు పొరుగునున్న నేటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా, జైనూరు మండలంలోని పవర్‌గూడ ఒక చిన్న గోండు గ్రామం. అక్కడి స్వయం సహాయక బృందాల మహిళలు కానుగ గింజలు సేకరించి నూనె మిల్లు నడిపారు, మొక్కలు పెంచారు. ఆ మొక్కల నుండి పదేళ్ళలో రాగల నూనె డీజిల్‌కు బదులు వాడినచో తగ్గే కార్బన్‌ను లెక్కగట్టి, 2003లో ప్రపంచ బ్యాంకు 147 టన్నులకు 645 డాలర్లు ఆ గ్రామానికి చెల్లించింది. మొత్తం పెద్దది కాదు. కాని అడవి గింజను దళారికి అమ్మడానికే అలవాటుపడిన గ్రామం గింజ, నూనె, చెక్క, మొక్క అన్నింటి విలువను తానే లెక్కించుకోవడం గొప్ప మార్పు. నూనె ధర తగ్గిన ఏడు చెక్క ఆదుకొంటుంది, చెక్క అమ్ముడుపోకపోతే సొంత పొలానికి పోతుంది. కర్ణాటకలో హాసన్ సమీపాన మడెనూరులో 2007లో బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం నెలకొల్పిన జీవ ఇంధన పార్కు కూడా పంట భూమిని వదలి గట్లమీద, ఖాళీ స్థలాలలో కానుగ, వేప, ఇప్ప వంటి చెట్లు పెంచమనే ప్రచారం చేసింది.

అడవి ఆముదం నేర్పిన పాఠం

కానుగతో బాటే జట్రోఫా అనే అడవి ఆముదానికి ఒక దశలో విశేష ప్రచారం లభించింది. నీరు అక్కరలేదనీ, బీడు భూమిలో పెరుగుతుందనీ, మూడేళ్ళలో రాబడి ఇస్తుందనీ చెప్పి 2003 తరువాత అనేక రాష్ట్రాలలో నాటించారు. 2009 నాటి జాతీయ జీవ ఇంధన విధానం 2017 నాటికి డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలపాలని లక్ష్యం పెట్టుకొన్నది. 2017 వచ్చేనాటికి అది ఒక శాతాన్ని కూడా చేరలేదు.

కారణాలు స్పష్టమైనవి. నీరు లేకుండా మొక్క బ్రతకవచ్చును గాని కాపు కాయదు. ఎక్కువ దిగుబడినిచ్చే మేలు రకాలు సిద్ధం కాకముందే విస్తారంగా నాటారు. కాయలు ఒకేసారి పండవు కనుక కోత కూలి ఎక్కువ. గింజ కొనే కేంద్రం దగ్గరలో లేదు. ప్రభుత్వ లెక్కలలో బీడు అనబడిన భూమి చాలాచోట్ల పేదల పశువుల మేత, కట్టెల ఆధారం. పైగా గింజ విషపూరితం. తెలియక తిన్న పిల్లలు ఆసుపత్రుల పాలైన ఘటనలు పలుచోట్ల జరిగినవి. మరొకరి లెక్కను నమ్మి నేలను అప్పగించిన రైతు మూడు, నాలుగు సంవత్సరాల పంటను పోగొట్టుకొన్నాడు.

ఎథనాల్: రైతు గిట్టుబాటు, ఊరి నీరు

నేడు జీవ ఇంధనం అనగానే వినవచ్చే పేరు ఎథనాల్. 2018 నాటి జాతీయ విధానం పెట్రోలులో 20 శాతం ఎథనాల్ కలపడానికి 2030 గడువు పెట్టగా, 2022లో దానిని 2025-26కు ముందుకు జరిపారు. 2022లో 10 శాతం, 2025లో 20 శాతం స్థాయికి చేరినట్టు కేంద్రం ప్రకటించింది. మొదట చెరకు ప్రధాన ముడిసరుకు కాగా, 2023-24 నాటికి మొక్కజొన్న ముందుకు వచ్చింది. ఒక టన్ను మొక్కజొన్న నుండి సుమారు 380 లీటర్ల ఎథనాల్ వస్తుంది.

దీని వలన మొక్కజొన్న రైతుకు కొత్త కొనుగోలుదారు దొరికాడు. అదే సమయంలో కోళ్ళ దాణా ధర పెరిగింది. అంతకుముందు మొక్కజొన్న ఎగుమతి చేసిన దేశం 2024లో దిగుమతి చేసుకోవలసివచ్చింది. అమ్మే రైతుకు లాభమైనది కోళ్ళు పెంచే రైతుకు భారమైనది. కర్మాగారాలు వచ్చే ఊళ్ళలో నీటి వాడకం, వ్యర్థ జలాలు, దుర్వాసన గురించిన భయాలు కూడా తక్కువ కాదు. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ ప్రజలు ఎథనాల్ కర్మాగారానికి వ్యతిరేకంగా రహదారిపై బైఠాయించగా అధికారులు నిర్మాణ పనులు నిలిపివేయించారు. ఊరికి ముందుగా అన్ని వివరాలు తెలిపి సమ్మతి పొందడం ఎంత అవసరమో ఈ సంఘటన తెలుపుతున్నది.

కుటుంబాలు ముందుగా ఆలోచించవలసినవి

గోబర్ గ్యాస్ ప్లాంటు పెట్టుకోదలచినవారు మొదట పశువులను, తరువాత నీటిని లెక్క చూసుకోవలెను. పేడతో బాటు దినానికి 50 లీటర్ల నీరు బాగేపల్లి, పావగడ వంటి మెట్ట ప్రాంతాలలో చిన్న విషయం కాదు. పశువులు కడిగిన నీరు ఇందుకు పనికివస్తుంది. పేడ కలిపే పని ఇంటిలో ఎవరిదో ముందే నిర్ణయించుకోవలెను. కట్టె మోత తప్పించి, పేడ కలపడం, నీరు మోయడం కూడా ఇల్లాలిపైనే వేసినచో ఆమెకు దక్కే విశ్రాంతి స్వల్పం.

2016లో ఉజ్వల పథకం ప్రారంభమైన తరువాత చాలా ఇళ్ళకు సిలిండర్ చేరింది. అంత మాత్రాన ప్లాంటు నిరర్థకం కాదు. సిలిండర్ నింపడానికి సొమ్ము కావలెను, అది ఎరువును ఇవ్వదు. రెండూ ఉన్న ఇంటిలో ప్లాంటు నిత్యవంటకు, సిలిండర్ చలికాలపు కొరతకు ఉపయోగపడతాయి. ట్రాక్టర్లు వచ్చి ఎద్దులు తగ్గిన ఊళ్ళలో మాత్రం పాడి ఉన్న ఇళ్ళకే ప్లాంటు అనుకూలం.

భద్రత విషయంలో అలక్ష్యం తగదు. మరమ్మతు కోసం గుంటలోకి ఎవరూ దిగరాదు. లోపల ప్రాణవాయువు ఉండదు, విషవాయువులు నిలిచి ఉంటాయి. ఒకరిని రక్షించబోయి మరొకరు మరణించిన ప్రమాదాలు దేశంలో అనేకం. గ్యాస్ వాసన వచ్చినచోట అగ్గిపుల్ల గీయరాదు. గొట్టంలో చేరే నీటిని అప్పుడప్పుడు వదలవలెను.

రాయితీ మొత్తం, నియమాలు కాలానుగుణంగా మారుతూ ఉంటాయి. ప్రతి రాష్ట్రంలోను దరఖాస్తు అక్కడి అధికార భాషలో ఉంటుంది. ఇంటిలో తెలుగు మాట్లాడి కన్నడం, తమిళం, ఒడియా లేక మరాఠీలో చదువుకొన్న పిల్లలు దరఖాస్తును, ఒప్పంద పత్రాన్ని పెద్దలకు చదివి అర్థం చెప్పవలెను. నేల కౌలుకు గాని, తోట ఒప్పందానికి గాని, కర్మాగార సమ్మతికి గాని అర్థం కాని పత్రంపై వేలిముద్ర వేయరాదు. కొనుగోలు ధర ఎంత, ఎన్నేళ్ళకు, కొనకపోతే బాధ్యత ఎవరిది, నీరు ఎక్కడి నుండి తీస్తారు, వ్యర్థం ఎక్కడికి పోతుంది అనే ప్రశ్నలకు గ్రామసభలో వ్రాతపూర్వకమైన సమాధానం కోరడం ప్రజల హక్కు.

ఉపసంహారం

జీవ ఇంధనం దానంతట అదే గ్రామాన్ని బాగుచేయదు, చెడగొట్టదు. బాగేపల్లిలో లాభం వంటింటికి చేరింది, బరంపురం ప్రాంతంలో విద్య మేస్త్రీ చేతికి చేరింది, పురాలో లెక్క ఊరందరి కళ్ళెదుట ఉన్నది, పవర్‌గూడలో గింజ విలువ సేకరించినవారికే దక్కింది. అడవి ఆముదం విషయంలో ఈ నాలుగూ లేవు. ఊరి పేడ, ఊరి గింజ, ఊరి నీరు ఉపయోగించే ఏ పథకమైనా ఆ ఊరికి తిరిగి ఏమి ఇస్తుందో లెక్క చూపవలెను. ఆ లెక్క అడగడం నేర్చిన పల్లెలకే జీవ ఇంధనం అభివృద్ధి సాధనం కాగలదు.